అత్తమ్మ పుట్టిల్లు కొంటున్నాం, లెక్క మాత్రం కుదరడం లేదు

హన్మకొండలో అద్దెకుంటున్న ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 38. ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 27,000. భర్త అకౌంటెంట్, ఆయనకు 48,000 వస్తాయి. పిల్లల్లో ఒకరు ఎనిమిదో తరగతి, ఒకరు నాలుగు. ఇంటి అద్దె 11,000. ఊళ్లో ఉన్న అత్తమామలను ఈ ఏడాది తమ దగ్గరికి తెచ్చుకోవాలి. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుని లేవలేరు.

వరంగల్ గిర్మాజీపేటలో 150 గజాల పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. అది ఆమె అత్తమ్మ పుట్టిల్లు. అత్తమ్మ తండ్రి 1968లో కొన్నది. ఆయన 1996లో పోయారు, తర్వాత ఆయన భార్య పోయారు. ఒక్కగానొక్క కొడుకు, అంటే భర్త మేనమామ, మూడేళ్ల కిందట పోయారు. ఇప్పుడు మేనమామ కొడుకులిద్దరూ ‘బయటోళ్లకంటే మనోళ్లకే’ అని 45 లక్షలకు ఒప్పుకున్నారు. దసరాలోపు రిజిస్ట్రేషన్ అనుకున్నారు. భర్త 2 లక్షలు నగదుగా బయానా ఇచ్చేశారు. తెల్ల కాగితం మీద అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. దస్తావేజు 30 లక్షలకే రాద్దాం, మిగతా 15 లక్షలు చేతికివ్వండి అంటున్నారట.

ఇంటి సంగతి: ముందు రెండు అర్రలకు 1985 ప్రాంతంలో వేసిన స్లాబ్. వెనక వంటిల్లు, ఇంకో అర్ర రేకుల కింద. బాత్రూం పెరట్లో. గేటు దగ్గర రోడ్డు మీంచి ఇంట్లోకి రెండు మెట్లు దిగాలి. గోడలు మోకాలెత్తు వరకు నెమ్మెక్కి గిలాబు రాలుతోంది. బాత్రూం సీలింగ్‌లో ఇనుప చువ్వలు బయటపడ్డాయి. తెలిసిన మేస్త్రీ వచ్చి చూసి, ‘ఏడు లక్షలియ్యిండ్రి మేడమ్, కొత్తిల్లు లెక్క జేసిస్త’ అన్నాడు. తోటి టీచరు భర్త సివిల్ ఇంజనీరు. ఆయన చూసి 13 లక్షలకు తగ్గదన్నారు. ఇద్దరూ చూసింది ఒకే ఇంటిని!

చేతిలో 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిట్టీ ఎత్తితే 5 లక్షలొస్తాయి. ఎత్తాక కూడా ఇంకా 14 నెలలు నెలకు 10,000 కట్టాలి. ఆమె దగ్గర 20 తులాల బంగారం ఉంది. అది బ్యాంకులో పెడదామని భర్త అంటున్నారు. రిపేరు ఖర్చు మాటెత్తితే, ‘మా అమ్మ పుట్టింటిని పాడుబడ్డ ఇల్లంటావా’ అని ఆయనకు కోపం. కరీంనగర్‌లో ఉన్న మేనమామ కూతురు ఫోన్ చేసి, ‘వదినా, నన్నెవ్వరు అడగలె’ అందట. ఆ మాట ఇంకా ఇంట్లో చెప్పలేదు. ఉత్తరం చివర ఇలా రాశారు: ‘వద్దంటే అత్తమ్మ పుట్టిల్లు పోగొట్టిన కోడలినవుతాను. సరే అంటే నెలనెలా ఇల్లు ఎలా గడపాలో తెలియదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.’

సమాధానం:

మీరు డబ్బు గురించి అడిగారు. దానికి వస్తాను. కానీ మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఇల్లు మీ అత్తమ్మ తండ్రి 1968లో కొన్నారని, 1996లో పోయారని రాశారు. వీలునామా మాట ఎక్కడా లేదు. పంపకాల కాగితం మాట లేదు. మీ అత్తమ్మకు చెల్లెలు ఒకరున్నారని, జమ్మికుంటలో ఉంటారని వేరే సందర్భంలో రాశారు. ఇవన్నీ నిజమైతే, మీరు కొనబోతున్న ఇంట్లో మీ అత్తమ్మకే వాటా ఉంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి సొంత సంపాదనతో కొన్న ఆస్తి వీలునామా లేకుండా మిగిలితే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. మీ అత్తమ్మ తల్లి వాటా కూడా ఆమె తర్వాత ముగ్గురు పిల్లలకే చేరుతుంది. అంటే మేనమామకు మూడో వంతు, మీ అత్తమ్మకు మూడో వంతు, జమ్మికుంట చిన్నత్తమ్మకు మూడో వంతు. మేనమామ పోయాక ఆయన మూడో వంతు మళ్లీ నలుగురిది: ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, కరీంనగర్ కూతురు. తలా పన్నెండో వంతు. మీ దగ్గర బయానా తీసుకున్న అన్నదమ్ములిద్దరివీ కలిపితే ఇంటిలో ఆరో వంతు. మిగిలిన ఐదు వంతుల మనుషులు ఆ తెల్ల కాగితం మీద లేరు.

‘కట్నాలిచ్చి పెండ్లి చేసినం, ఇంకేం వాటా’ అనే మాట మన దగ్గర ఇంటింటా వినిపిస్తుంది. పెళ్లప్పుడు ఏం ఇచ్చినా తండ్రి ఆస్తిలో కూతురి హక్కు దానితో పోదు. ఆమె తనంతట తాను హక్కు వదులుకుంటూ రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాసిస్తే పోతుంది. ఇంటి పన్ను రసీదు మేనమామ పేరు మీద ఉందని మీ ఆయన ధైర్యంగా ఉన్నట్టున్నారు. కార్పొరేషన్ రికార్డులో పేరు పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది. ఇల్లు ఎవరిదో తేల్చదు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసినా 1983 నుంచే కనబడుతుంది, 1968 దస్తావేజు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు నకలు తీయించాలి. ఆ మధ్యలో తాతగారు వీలునామా రాసి ఉండొచ్చు, అత్తమ్మ ఎప్పుడో సంతకం చేసి ఉండొచ్చు. అలాంటి కాగితం ఏదన్నా బయటపడితే పైన చెప్పిన లెక్క మారుతుంది. అందుకే సివిల్ కేసులు చూసే లాయరుకు మొత్తం కాగితాలు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. మీరు తీసుకోకపోయినా, అప్పు కోసం వెళ్లిన రోజు బ్యాంకు లాయరు లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చెప్పే పాత కాగితాలు అడుగుతాడు. అక్కడ ఈ సంగతి బయటపడక మానదు.

ఇప్పుడు అసలు సున్నితమైన విషయం. 45 లక్షల ఇంట్లో మూడో వంతంటే 15 లక్షలు. ఈ అంకె మొదట మీ నోటి నుంచి రాకూడదు. మీరు చెబితే ‘కోడలు అత్త పుట్టింట్లో వాటా అడుగుతోంది’ అనే మాట మిగులుతుంది, కాగితాల సంగతి పక్కకు పోతుంది. లాయరు దగ్గరికి మీ ఆయన కూడా రావాలి, ఆయన చెవులతో ఆయనే వినాలి. తర్వాత ఆయన వెళ్లి తన తల్లిని అడగాలి. ఆ వాటా ఏం చేసుకోవాలనేది మీ అత్తమ్మ ఇష్టం. అన్న పిల్లల కోసం వదిలేస్తానంటే వదిలేయొచ్చు. పుట్టింటి రాకపోకలు, పండగకు పిలుపు, వదినతో మాట ఇవన్నీ ఆమెకు 15 లక్షల కంటే ఎక్కువ కావొచ్చు. కొడుకు పేరున రాస్తానంటే రాయొచ్చు. అలా రాస్తే మీరు మిగతా రెండు వంతులకే, అంటే 30 లక్షలకే ధర మాట్లాడుకుంటారు. కుటుంబంలో రాసుకునే దస్తావేజులకు ఛార్జీల లెక్క వేరు, అది లాయరు చెబుతాడు. అయితే నిజామాబాద్‌లో మీ ఆడబిడ్డ ఉన్నారని రాశారు. అమ్మ తన వాటా కొడుక్కి రాసిచ్చిన సంగతి ఆమెకు నాలుగేళ్ల తర్వాత ఎవరో చెబితే, కరీంనగర్ అమ్మాయి మీకు చేసినట్టే ఆమె ఇంకెవరికో ఫోన్ చేసి బాధపడుతుంది. ముందే చెప్పండి.

కరీంనగర్ ఫోన్ సంగతి కూడా ఇక దాచొద్దు. ఆ అమ్మాయి మీ మంచికే చేసింది. రిజిస్ట్రేషన్ అయ్యాక చేసి ఉంటే అది కోర్టు నోటీసు రూపంలో వచ్చేది.

రెండు ధరల దస్తావేజు విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే దీన్ని లాభం అనుకుని చాలామంది ఒప్పుకుంటున్నారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. 45 లక్షలకు రాస్తే 3,37,500. 30 లక్షలకు రాస్తే 2,25,000. మీకు మిగిలేది లక్షా పన్నెండు వేల ఐదు వందలు. మరి పోయేదేమిటో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 దాటి 75 లక్షల లోపు రుణానికి 80 శాతం వరకు ఇవ్వొచ్చు. ఇలాంటి ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. 45 లక్షల దస్తావేజు మీద, బ్యాంకు విలువ కూడా అంతే కట్టిందనుకుంటే, 36 లక్షల దాకా అప్పు పుడుతుంది. 30 లక్షల దస్తావేజు మీద 27 లక్షలు దాటదు. లక్షా పన్నెండు వేలు మిగుల్చుకోవడానికి 9 లక్షల అప్పు పోగొట్టుకుంటున్నారు.

చేతి డబ్బు లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 30 లక్షల దస్తావేజు అయితే మీ జేబులోంచి 18 లక్షలు, ఛార్జీలు 2.25 లక్షలు, మొత్తం 20.25 లక్షలు కావాలి. ఇచ్చిన బయానా 2 లక్షలు కలిపినా మీ దగ్గరున్నవి 19. ఇంట్లో ఒక్క మేకు కొట్టకముందే లక్షా పాతిక వేలు తక్కువ. మీ బంగారం అడుగుతున్నది రిపేరు కోసం అనుకుంటున్నారు మీరు. లెక్క ప్రకారం అది ఈ నగదు కోసమే. ఇల్లు అమ్మేవాళ్లు ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రేపు వాటాల గొడవ వస్తే ఆ 15 లక్షలు ఇచ్చామని మీరు చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. తక్కువకు రాయడం వల్ల పన్ను తగ్గేది అమ్మేవాళ్లకు. ఆ విలువ మీదే మీరు తర్వాత ఎప్పుడన్నా అమ్మితే, ఎక్కువ లాభం వచ్చినట్టు తేలి పన్ను మీకు పడుతుంది.

పూర్తి ధరకు రాస్తే 9 లక్షలు మీ వాటా, ఛార్జీలతో 12.4 లక్షలు. లాయరు, బ్యాంకు ఫీజులు పోను మీకు 6 లక్షల చిల్లర మిగులుతుంది. నెల లెక్క ఇది: 36 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ 31,200 దాటుతుంది. చిట్టీ 10,000. ఇద్దరి జీతం 75,000లో మిగిలేది 34,000 లోపు. పని జరిగే నెలల్లో అద్దె 11,000 కూడా పోతుంది, అప్పుడు 23,000 లోపు. అందులో ఫీజులు, మామయ్య మందులు, ఆరుగురి తిండి. 14 నెలల తర్వాత చిట్టీ తీరాక ఊపిరి పీల్చుకోవచ్చు, అప్పటిదాకా గట్టిగా బిగబట్టాలి. మీ అత్తమ్మ వాటా కలిసొచ్చి 25 లక్షల అప్పుతో సరిపోతే ఈఎంఐ 21,700 దగ్గర ఉంటుంది. ఒక్క అత్తమ్మ సంతకంతో నెలకు తొమ్మిదిన్నర వేల తేడా వస్తుంది, అందుకే ముందు ఆ సంగతి తేలాలన్నాను. వడ్డీ మీద పన్ను మినహాయింపు కలిసొస్తుందని మీ ఆయన అంటున్నారు. మీరు ఉండే ఇంటికి ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. ఇప్పుడు కొత్త విధానంలో మీ ఇద్దరి జీతాలకూ పన్నే పడదు. కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇక ఇల్లు. మేస్త్రీ 7 లక్షలు, ఇంజనీరు 13 లక్షలు అన్నారంటే ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని కాదు. మేస్త్రీ కంటికి కనబడే పని చెప్పాడు: గిలాబు, టైల్సు, సీలింగు, రంగు, వంటింటి గట్టు. ఇంజనీరు వెనక రేకులు తీసి స్లాబు, కొత్త వైరింగు, నీళ్లు పోయే దారి కలిపి ఉంటారు. రెండింటినీ పక్కపక్కన రాయించండి. ఏ పని, ఎంత కొలత, లేబరు ఎంత, మెటీరియల్ ఎవరిది, పాత మట్టి తీసేసే ట్రాక్టరు ఖర్చు ఎవరిది. ‘మొత్తం గుత్త’ అని నోటిమాట మీద ఇస్తే సగం పనిలో ‘ఇది అందులో లేదు మేడమ్’ అనే మాట తప్పదు. ఎవరి లెక్క తీసుకున్నా, పాత ఇంటికి పైన పావు వంతు విడిగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. గిలాబు కొట్టాక గోడ లోపల ఏముందో అప్పుడే తెలుస్తుంది.

మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ రెండు మెట్లు. పాత గల్లీల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోస్తూ పోయారు. ఒకప్పుడు అరుగు ఎక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు దిగి వెళ్లాల్సి వస్తోంది. బయటి మట్టి, మోరీ నీళ్లు గోడకు ఆనుకుని ఉంటే ఇటుక ఆ తడిని పీల్చుకుని పైకి లాగుతుంది. మోకాలెత్తు నెమ్ము, తెల్లగా ఉప్పు పొడి, ఉబ్బిన గిలాబు అన్నీ దాని గుర్తులే. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే మిరుగు (మృగశిర కార్తె) వచ్చే లోపలే పెచ్చులు లేస్తుంది. నెమ్ము గీత కంటే ఒక అడుగు పై దాకా గిలాబు కొట్టేసి, ఇటుకను బాగా ఆరనిచ్చి, బయట నీళ్లు గోడ నుంచి దూరంగా పోయేలా చేసి, అప్పుడు కొత్త గిలాబు చేయాలి.

ఇది వానాకాలం కావడం మీకు మంచిదే. గట్టి వాన కురిసిన సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లండి. మోరీ నీళ్లు ఇంటి గచ్చు కంటే పైన ఉన్నాయా, కింద ఉన్నాయా చూడండి. పెరట్లో బాత్రూంలో రెండు బకెట్లు గుమ్మరించి ఎంతసేపట్లో పోతాయో చూడండి. పక్కింటి పెద్దవాళ్లను 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. ఆ రెండు వరదలు మన ఊళ్లో ఎవరికీ మర్చిపోయేవి కావు. గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. మోరీ గచ్చు కంటే పైన ఉంటే మీరు ఇంట్లో కట్టించబోయే కొత్త బాత్రూం నీళ్లు బయటకు పోవు. గచ్చు అడుగున్నర ఎత్తు లేపాలి. గచ్చు లేపితే స్లాబు ఎత్తు తగ్గుతుంది, దర్వాజలు కోయాలి, కిటికీలు మోకాళ్ల దగ్గరికి వస్తాయి, రేకుల అర్ర మొత్తం కూల్చాలి. అప్పుడు 13 లక్షలు కూడా చాలవు.

చువ్వల సంగతి చిన్న సుత్తితో సగం తెలుస్తుంది. సీలింగ్ మీద మెల్లగా కొడుతూ పోతే మంచి కాంక్రీటు ఠంగుమంటుంది, చువ్వ తుప్పు పట్టి వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. బాత్రూం దగ్గరే డొల్లగా ఉంటే అది ఆ ఒక్క చోట చేసుకునే రిపేరు. ముందు అర్రల్లో కూడా అక్కడక్కడా వస్తుంటే స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించకుండా ముందుకు పోవద్దు. ఎన్ఐటీ ఉన్న ఊరు మనది, సివిల్ ఇంజనీర్లకు కొదవ లేదు. పరీక్షకయ్యే ఖర్చు మీరిచ్చిన బయానా కంటే చాలా తక్కువ. తుప్పు చువ్వల మీద సిమెంటు పూసి మూసేస్తానంటే ఒప్పుకోవద్దు, లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. మీ ఆయన రెండేళ్లలో పైన ఇంకో అంతస్తు వేద్దామంటున్నారు కదా. ఒక మూల గుంత తవ్వించి పునాది లోతు చూడకుండా, కార్పొరేషన్ పర్మిషన్ లేకుండా ఆ మాట మాట్లాడుకోవడం అనవసరం. గల్లీ రోడ్డు వెడల్పులో ముందు భాగం ఎంత పోతుందో ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో చూడండి. పోయేది ముందు అర్ర అయితే మీరు బాగుచేసేది దేన్ని?

ఇన్ని చెప్పాక ఇల్లు కొనొద్దంటున్నానని అనుకోకండి. గజం 30,000 చొప్పున గిర్మాజీపేటలో 150 గజాల నేల కొంటున్నాం, దాని మీద ఇంకొన్నేళ్లు పనికొచ్చే పాత కట్టడం ఉంది అనుకుంటే ఇది చెడ్డ బేరం కాకపోవచ్చు. అలా చూస్తే రిపేరు లెక్క కూడా మారుతుంది. ఇల్లు చేరడానికి ముందు తప్పనిసరిగా కావాల్సినవి కొన్నే: వెనక అర్ర కురవకుండా ఉండడం, ఎర్తింగుతో కొత్త వైరింగు, మామయ్య గది పక్కనే కమోడు ఉన్న బాత్రూం, జారని గచ్చు, నీళ్లు పోయే దారి. సీలింగు, మాడ్యులర్ కిచెన్, టైల్సు, రంగులు చిట్టీ తీరాక చూసుకోవచ్చు. అయిదారేళ్లకు పిల్లల చదువులు ఒక దారికొచ్చాక కూల్చి కట్టుకోవచ్చు. దీనివల్ల కష్టం ఏంటంటే, చుట్టాలు గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఇల్లు పాతగానే కనబడుతుంది. మీ ఆయన మనసులో ఉన్న ఇల్లు అది కాదు. ఈ మాట ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే పని మొదలయ్యాక రోజుకొకటి కలుపుతూ అప్పు చేసేస్తారు.

రెండో దారి వెనక్కి తగ్గడం. వాటాదారులంతా సంతకం పెట్టకపోతే, లేదా మోరీ పైన ఉండి స్లాబు కూడా డొల్లగా తేలితే ఇదే సరైనది. బయానా తిరిగి రావడానికి సమయం పట్టొచ్చు, కొంత మాటపట్టింపు తప్పదు. అయితే అమ్మే హక్కు పూర్తిగా లేనివాళ్లు తీసుకున్న బయానా కాబట్టి తిరిగి అడగడంలో మీకు మొహమాటం అక్కర్లేదు. హన్మకొండలో రెండు బెడ్‌రూంల ఫ్లాటు సంగతి కూడా రాశారు, 48 లక్షలన్నారు. అప్పు, ఈఎంఐ కొంచెం ఎక్కువే అయినా వెళ్లిన రోజు నుంచి ఉండొచ్చు, మామయ్యకు లిఫ్టు ఉంటుంది, కాగితాలు ఒక్కచోట ఉంటాయి. నేల వాటా చాలా తక్కువ, నెలనెలా మెయింటెనెన్స్ ఉంటుంది. మీ అత్తమ్మకు ఆ గల్లీ, ఆ ఇరుగుపొరుగు దొరకవు. మూడోది, చిట్టీ తీరేదాకా అద్దెలోనే ఉండి, కింది అంతస్తులో కాస్త పెద్ద ఇల్లు తీసుకుని అత్తమామలను తెచ్చుకోవడం. అద్దె వృథా అని మీ ఆయన అంటారు. కానీ మీ అప్పు మీద మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 3 లక్షలు. మీ ఏడాది అద్దె 1,32,000.

బంగారం గురించి. అది మీది. ఇవ్వాలని మీకనిపిస్తే ఇవ్వండి, ఇవ్వకపోతే అది ప్రేమ లేకపోవడం కాదు. నగదు వాటా కోసం, టైల్సు కోసం మాత్రం వద్దు. ఇంటి కప్పు కోసం, అదీ ఎన్ని నెలల్లో విడిపిస్తారో రాసుకుని అయితే ఆలోచించొచ్చు. మీ జీతం ఈఎంఐలోకి వెళుతుంటే దస్తావేజులో కొన్నవారిగా మీ పేరు కూడా ఉండాలి. బ్యాంకు కాగితాల్లో సహరుణగ్రహీతగా మాత్రమే సంతకం పెడితే అప్పు బాధ్యత మీకు వస్తుంది, ఇంటి మీద హక్కు రాదు.

మీ ఆయనకు రిపేరు లెక్క చెబితే కోపం ఎందుకొస్తుందో మీరే రాశారు. ఎండాకాలం సెలవుల్లో ఆయన ఆడుకున్న పెరడు, బావి గట్టు అది. మీరు ‘నెమ్ము’ అంటే ఆయనకు వాళ్లమ్మను అన్నట్టు వినబడుతోంది. కాబట్టి నెమ్ము గురించి మీరు చెప్పకండి, ఇంజనీరును చెప్పనివ్వండి. మీరు చెప్పాల్సింది ఇంకొకటుంది: ‘అత్తమ్మ ఆ ఇంట్లో ఉండాలనే నాకూ ఉంది. కేసుల్లేకుండా, కప్పు ఊడి పడకుండా ఉండాలి. అందుకు ఏమేం కావాలో ఇద్దరం కలిసి రాద్దాం.’ పెద్దావిడను కూడా ఒక్కసారి నేరుగా అడగండి. ఆమెకు నిజంగా ఆ ఇంట్లో ఉండాలనుందో, ఇల్లు మనవాళ్ల చేతిలో ఉంటే చాలనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమె తరఫున అందరూ మాట్లాడుతున్నారు.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది బయానా కాగితం మార్చడం. లాయరుతో అగ్రిమెంటు రాయించండి. అందులో పూర్తి ధర ఉండాలి, ఇచ్చిన 2 లక్షలు ఉండాలి, వాటాదారులందరి పేర్లు, సంతకాలు ఉండాలి. బ్యాంకు లాయరు కాగితాలు ఒప్పుకోకపోతే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారో కూడా రాయాలి. ఇక మీదట ఇచ్చే ప్రతి రూపాయి చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో పోవాలి. దసరా దాటితే దాటనివ్వండి, తర్వాత కూడా ముహూర్తాలుంటాయి. ఆ అగ్రిమెంటు చేతికొచ్చేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి, ఇప్పుడున్న ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తామని చెప్పకండి.